గోల్కొండ రాజుగారింట నిశ్చితార్థం: 'లా బయాదేర్'లో నికియా పాత్ర ఎందుకంత కష్టం, ఎందుకంత గొడవ

మాస్కోలోనో పారిస్‌లోనో 'లా బయాదేర్' అనే బాలే చూడ్డానికి వెళ్తే, మొదటి అంకంలోనే తలపాగా పెట్టుకున్న ఒక రాజుగారు కనిపిస్తారు. 1877 నాటి కథాప్రతిలో ఆయన పేరు దుగ్మంత, ఏలేది గోల్కొండ. అవును, మన గోల్కొండే. ఆ కథలో గోల్కొండ పొలిమేర దాటగానే పులులు తిరిగే అడవి, దాని పక్కన పెద్ద గుడి, గుడిలో బ్రాహ్మణులు, గుడి ముందు నిప్పుల మీద గెంతే ఫకీర్లు. ఊళ్లో ఉత్సవం ఎవరికయ్యా అంటే బదరీనాథుడికి!

నవ్వు వస్తుంది కదా. కానీ పుట్టి దాదాపు 150 ఏళ్లయినా ప్రపంచంలో పెద్ద బాలే కంపెనీలు ఇప్పటికీ ఆడే బాలేల్లో ఇదొకటి. ఇందులోని కథానాయిక, గుడి నర్తకి నికియా పాత్ర దక్కడమంటే ఏ బాలెరినాకైనా పెద్ద పరీక్ష. 2019 డిసెంబర్‌లో ఇదే బాలే ఇంకో కారణంతో వార్తల్లోకి వచ్చింది. ముఖానికి, ఒంటికి నల్లరంగు పూసుకుని ఈ బాలేకి సిద్ధమైన ఇద్దరు అమ్మాయిల ఫొటోను అప్పటి అమెరికన్ బాలే థియేటర్ ప్రిన్సిపల్ డాన్సర్ మిస్టీ కోప్‌ల్యాండ్ సోషల్ మీడియాలో పెట్టి ఇదేం పద్ధతి అని అడిగారు. వేల సార్లు ఇలాగే ఆడాం, ఈ చర్చలోకి మేం దిగం అని మాస్కోలోని బొల్షోయ్ థియేటర్ బదులిచ్చింది. అప్పటి నుంచి ఈ బాలే పేరెత్తితే రెండు వాదనలు కలగాపులగం అయిపోతున్నాయి. నికియా పాత్ర గొప్పదా అన్నది ఒకటి. ఆ పాత్రను చుట్టుకున్న 'ఇండియా' సంగతేమిటి అన్నది రెండోది. ముందు వీటిని విడదీసి చూడాలి.

'బయాదేర్' మన మాట కాదు

పోర్చుగీసు వాళ్లు మన పశ్చిమ తీరంలో దిగాక ఇక్కడి నర్తకులను తమ భాషలో 'బైలాదేరా' అన్నారు. నాట్యం చేసే ఆమె అని అర్థం, అంతే. అదే ఫ్రెంచివాళ్ల నోట్లో పడి 'బయాదేర్' అయింది. వాళ్లు ఎవరిని చూసి ఆ మాట అన్నారో వాళ్లను మనం దేవదాసులంటాం, తెలుగునాట కళావంతులంటాం.

'బాలెరినా' అన్న మాటకూ ఒక వివరణ కావాలి. బాలే ఆడే ప్రతి అమ్మాయినీ మనం బాలెరినా అనేస్తాం. కంపెనీలో మాత్రం వరసలుంటాయి. గుంపుగా ఆడేవాళ్లు 'కోర్ ద బాలే', కథను మోసేవాళ్లు ప్రిన్సిపల్స్. పాత రష్యన్ పద్ధతిలో బాలెరినా అన్న మాట ఆ పైమెట్టు వాళ్లకే చెల్లేది.

1838లో ఒక చిత్రం జరిగింది. పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి అయిదుగురు దేవదాసులు, ముగ్గురు వాద్యగాళ్లు ఓడెక్కి పారిస్, లండన్ వెళ్లి ప్రదర్శనలిచ్చారు. వాళ్లలో అమ్మణి అనే అమ్మాయిని చూసి ఫ్రెంచి కవి థియోఫిల్ గోతియే మురిసిపోయి పేజీలకు పేజీలు రాశాడు. ఆమె కంచు విగ్రహం కూడా పోతపోశారు. ఇరవై ఏళ్లకు, 1858లో, అదే గోతియే కాళిదాసు శాకుంతలాన్ని పారిస్‌లో బాలేగా మలిచాడు. దానికి నృత్యం కూర్చింది లూసియన్ పెటిపా. అతని తమ్ముడు మారియస్ పెటిపా అప్పటికే రష్యా చక్రవర్తి కొలువులో బాలేలు కూరుస్తున్నాడు. 'లా బయాదేర్' ఆ తమ్ముడి పనే.

అంటే అసలు నర్తకిని చూసినవాడు ఒకడు, అతని రాతలతో బాలే కట్టినవాడు ఇంకొకడు, ఆ బాలే నీడలో మరో బాలే కట్టినవాడు మూడోవాడు. నకలుకు నకలు తీసిన జిరాక్సులా బొమ్మ మసకబారుతూ వచ్చింది. గోల్కొండ రాకుమారి పేరు మొదట్లో 'హంసాటి', తర్వాత అది 'గమ్‌జాటి' అయింది. శాకుంతలం అయిదో అంకంలో తెర వెనక పాడే హంసపదిక గుర్తుకు రావడం లేదూ? దుగ్మంత అన్న పేరు వింటే నాకైతే దుష్యంతుడే తడతాడు.

కథ, క్లుప్తంగా

నికియా గుడి నర్తకి. సోలోర్ అనే యోధుడితో ప్రేమ. పవిత్రాగ్ని సాక్షిగా సోలోర్ ఆమెకు మాటిస్తాడు. ప్రధాన పూజారికి కూడా ఆమె మీద మనసుంది, ఆమె కాదంటుంది. అంతలో రాజు తన కూతురు గమ్‌జాటిని సోలోర్‌కి ఇవ్వాలనుకుంటాడు, సోలోర్ కాదనలేకపోతాడు. సోలోర్ ప్రేమ సంగతి పూజారి వెళ్లి రాజుకు మోస్తాడు. సోలోర్ తల పోతుందని అతని లెక్క. రాజు మాత్రం నికియాను చంపమంటాడు, పూజారి ఎత్తు బెడిసికొడుతుంది. గమ్‌జాటి నికియాను పిలిపించి నగలిస్తాను, వెళ్లిపొమ్మంటుంది. నికియా కోపం పట్టలేక బాకు ఎత్తుతుంది, దాసి అడ్డుపడుతుంది.

నిశ్చితార్థం రోజున నికియా అందరి ముందూ ఆడాల్సి వస్తుంది. మధ్యలో ఆమెకొక పూలబుట్ట అందుతుంది. సోలోర్ పంపాడనుకుని గుండెకు హత్తుకుంటుంది. అందులోంచి పాము కాటేస్తుంది. విరుగుడు మందు పూజారి చేతిలో ఉంది, తనదానివైతే ఇస్తానంటాడు. ఆమె తీసుకోదు, చనిపోతుంది. సోలోర్ నల్లమందు పీల్చి, ఆ మత్తులో 'నీడల రాజ్యం' చూస్తాడు. అక్కడ నికియా ఒక ఛాయ. ఆఖరి అంకంలో సోలోర్, గమ్‌జాటిల పెళ్లి జరుగుతుండగా దేవతల కోపానికి గుడి కూలి అందరూ పోతారు.

ఏ గోల్కొండ?

కుతుబ్ షాహీల గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతికి పోయింది. బాలే మొదటిసారి ఆడిన 1877 ఫిబ్రవరి 4 నాటికి హైదరాబాద్ గద్దె మీద ఉన్నది పదేళ్ల పిల్లవాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. దుగ్మంత అనే హిందూ రాజు గోల్కొండను ఏలిన కాలమంటూ ఏదీ లేదు. మరి ఆ పేరే ఎందుకు? వజ్రాల వల్ల. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్లు గోల్కొండ మీదుగా యూరప్ చేరేవి. అక్కడివాళ్లకు గోల్కొండ అంటే ఊరి పేరు కాదు, తరగని సంపదకు మారుపేరు. మనం కుబేరుడి ఇల్లు అన్నట్టు.

సంగీతం సంగతి సరేసరి. వియన్నాలో పుట్టిన లుడ్విగ్ మింకుస్ కట్టిన బాణీలవి. మృదంగం ఛాయ కూడా వినపడదు, వినపడేది యూరప్ జంట నృత్యాల బాణీ, వాల్జ్. రెండో అంకంలో తల మీద కడవ పెట్టుకుని ఒకమ్మాయి ఆడే ముచ్చటైన నృత్యం ఉంది. దాని పేరేమిటో తెలుసా? 'మను'. ధర్మశాస్త్రం రాసిన మనువుకీ నీళ్ల కడవకీ ఏం సంబంధమో పెటిపానే చెప్పాలి.

ఇంత కాగితపు ఇండియాలో ఒక్క విషయం మాత్రం, బహుశా తెలియకుండానే, నిజానికి దగ్గరగా వచ్చింది. మనసు పడ్డవాడి నిశ్చితార్థంలో నికియా ఆడాలి, ఆడనని అనే హక్కు ఆమెకు లేదు. ఆ కాలంలోనే మన జమీందార్ల ఇళ్లలో పెళ్లిళ్లకు భోగం మేళాలు పెట్టించేవారు, కందుకూరి వీరేశలింగం వాటి మీద కత్తి కట్టారు. కొలువుకు పిలిచినప్పుడు రానని చెప్పే వీలు లేని కళాకారిణి ఇక్కడ ఊహ కాదు. నికియా పాత్ర ఇప్పటికీ నిలబడటానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. మిగతా సగం నృత్యంలో ఉంది.

ఒకే రాత్రి, మూడు దేహాలు

'స్వాన్ లేక్' అనే ఇంకో పేరున్న బాలే అనగానే ఒంటికాలి మీద తిరిగే 32 చుట్లు అందరికీ గుర్తొస్తాయి. ప్రేక్షకులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు. నికియా పాత్రలో అలా లెక్కపెట్టుకునేది ఏదీ లేదు. ఇక్కడ కష్టం వేరే రకం. ఒకే మనిషి ఒకే సాయంత్రం మూడు వేర్వేరు దేహాలతో ఆడాలి.

మొదటి అంకంలో ఆమె గుడి మనిషి. ముసుగుతో నెమ్మదిగా మెట్లు దిగి వస్తుంది. పూజారి ముసుగు తొలగించాక ఆడే నృత్యంలో నడుము, వెన్ను, చేతులే ప్రధానం. మోచేతులు వంచి అరచేతులు కలిపే భంగిమలు చాలా వస్తాయి, మన కళ్లకు అవి కొంచెం బొమ్మల కొలువులా ఉంటాయి. మన శాస్త్రీయ నాట్యం చేసే అమ్మాయి మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో కూర్చుని నేలను తడుతుంది, బరువు కిందికి. బాలెరినా గుడ్డ పొరలు, జిగురుతో గట్టిపరిచిన బూటు కొనలో కాలివేళ్లు దూర్చి వాటి మీద లేస్తుంది, బరువు పైకి. గుడి నర్తకి అని నమ్మించాలంటే ఆ పైకి లేచే దేహంలోనే నేల బరువును ఎలాగో చూపాలి.

రెండో అంకంలో ఆమె దుఃఖం. చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) మీద ఒక సాగదీసిన రాగం మొదలవుతుంది. నికియా ఒక చేయి సోలోర్ వైపు చాపి, శరీరాన్ని వెనక్కి విల్లులా వంచి, మళ్లీ నేల దాకా కుంగుతుంది. అతను కుర్చీలో గమ్‌జాటి పక్కన కూర్చుని మొహం తిప్పుకుంటాడు. ఇక్కడ దూకడాలు తక్కువ, నిలకడ ఎక్కువ. వేగంగా కదిలితే కాలు తడబడినా కనపడదు, నెమ్మదిగా కదిలితే వణుకు ఆఖరి వరసకి కూడా కనపడుతుంది. బుట్ట చేతికందగానే సంగీతం ఒక్కసారి ఉరకలేస్తుంది. ఏడుస్తున్న మనిషి అర నిమిషంలో సంతోషంతో పిచ్చిదవ్వాలి, ఆ వెంటనే పాము.

మూడో దేహానికి భారమే ఉండకూడదు. నీడల రాజ్యంలో ఆమె తెల్లటి టూటూలో, అంటే విచ్చుకున్న బాలే గౌనులో వస్తుంది. ముఖంలో కోపం లేదు, ప్రేమ కూడా లేదన్నట్టే ఉంటుంది. ఇక్కడి కండువా నృత్యం దగ్గర చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. పొడవైన పల్చటి తెల్ల కండువాకి ఒక కొన సోలోర్ చేతిలో, రెండోది నికియా చేతిలో. ఆమె ఒంటికాలి వేళ్ల మీద గిర్రున తిరిగి, చుట్టు ఆగిన క్షణంలోనే రెండో కాలు వెనక్కి చాచి నిలవాలి. మామూలు జంట నృత్యంలో పురుషుడి చేయి నడుము దగ్గర ఉంటుంది, తూలితే పట్టుకుంటాడు. ఇక్కడ పట్టుకునేది గుడ్డ. లాగితే సాయం చేయదు, వదిలేస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. సోలోర్ కూడా ఊపిరి బిగబట్టి నిలబడే ఘట్టమిది.

మొదట ఈ పాత్ర వేసిన ఎకతెరినా వాజెమ్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. ఆఖరి అంకంలో తనకు పెటిపా కూర్చిన చిన్నచిన్న అడుగులు సంగీతంలోని గాంభీర్యానికి సరిపోవని రిహార్సల్స్‌లోనే గొడవపడి, పెద్ద గెంతులు పెట్టించుకుంది. తొలి ప్రదర్శన వసూళ్లు ఆమెకే చెందే ఏర్పాటు కూడా ఉంది. నోరు లేని నర్తకి పాత్రను మొదట ఆడింది ఇంత నోరున్న మనిషి.

నీడల లెక్క

నికియా ఛాయగా రావడానికి ముందు వచ్చే దృశ్యం ఈ బాలేకి ప్రాణం. చీకట్లో ఏటవాలు బల్ల మీద ఒకమ్మాయి కనిపిస్తుంది. ముందుకు ఒక అడుగు వేసి, మోకాలు కాస్త వంచి, రెండో కాలు వెనక్కి లేపుతుంది. దాన్నే అరబెస్క్ అంటారు. లేచి చేతులు పైకెత్తి వెన్ను వెనక్కి వంచుతుంది. రెండడుగులు. మళ్లీ అరబెస్క్. ఆమె వెనక ఇంకో అమ్మాయి, ఆమె వెనక ఇంకో అమ్మాయి.

లెక్క వేద్దాం. 1877లో ఉన్నట్టు 32 మంది అనుకుందాం. ఒక్కో చరణానికి ఒక్కరు లోపలికి వస్తారు. ఆఖరి అమ్మాయి తన మొదటి అరబెస్క్ చేసేసరికి, ముందున్న అమ్మాయి కనీసం 32 చేసి ఉంటుంది. పదహారో అమ్మాయి 17 చేస్తుంది. వీళ్లలో ఒక్కరి కాలు ఒక్క అంగుళం ఎక్కువ లేచినా, వరసంతా పాడవుతుంది. 1900లో పెటిపా దీన్ని మళ్లీ వేసినప్పుడు 48 మందిని పెట్టాడు, వెలుగులు నిండిన ఆకాశ సౌధం తీసేసి చీకటి హిమాలయ శిలలు పెట్టాడు. ఇప్పుడు పెద్ద కంపెనీలు 32 మందితో, స్టేజీ చిన్నదైతే 24 మందితో ఆడతాయి.

ఇంతమంది ఎందుకంటే, సోలోర్ కళ్లలో ఎటు చూసినా నికియానే కాబట్టి. అది కథ చెప్పే కారణం. ప్రదర్శన పరంగా ఇంకొకటుంది. ఇరవై నాలుగు నుంచి ముప్పై రెండు సార్లు అచ్చు ఒకేలా చూసిన భంగిమనే తర్వాత నికియా ఒక్కతీ చేస్తుంది. పోలిక ప్రేక్షకుడి కళ్ల ముందే ఉంది. అందరిలా చేస్తే ఆమె బాలెరినా కాదు, మరీ వేరుగా చేస్తే ఛాయ కాదు.

గుడి ఎందుకు కూలడం మానేసింది?

1917 విప్లవం తర్వాత రష్యాలో ఆఖరి అంకం, అంటే పెళ్లి, గుడి కూలడం, తెర వెనక్కి పోయింది. సోవియట్ కాలంలో బాలే నీడల రాజ్యంతో ముగిసేది. దీనివల్ల నికియా పాత్రకే అర్థం మారింది. ఆఖరి అంకం ఉంటే ఆమె పెళ్లిలో సోలోర్ కళ్లకు మాత్రమే కనపడే ఛాయ, గమ్‌జాటి చేతికి అదే పూలబుట్ట మళ్లీ వస్తుంది, లెక్క తేలుతుంది. అది లేకపోతే నికియా క్షమించినట్టే ఉంటుంది, చంపించినవాళ్లకు ఏ శిక్షా లేదు. రష్యా వదిలివెళ్లిన నర్తకి నటాలియా మకరోవా 1980లో అమెరికన్ బాలే థియేటర్‌కి ఈ బాలే వేసినప్పుడు గుడి కూలే అంకాన్ని తిరిగి పెట్టింది. అలాగే రష్యా వదిలివెళ్లిన నర్తకుడు రుడాల్ఫ్ నురేయెవ్ 1992లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, పారిస్ ఒపేరాకి వేసిన ప్రతిలో మాత్రం నీడలతోనే ఆపేశాడు. కాబట్టి ఇద్దరు బాలెరినాల నికియాలను పోల్చేముందు ఏ ప్రతిలో ఆడారో చూడాలి. లేకపోతే ఉగాది పచ్చడికీ ఊరగాయకీ మార్కులు వేసినట్టుంటుంది.

ఉంచాలా, మార్చాలా?

ఇప్పుడు గొడవ దగ్గరికి వద్దాం. ఉన్నది ఉన్నట్టు ఉంచాలనేవాళ్ల వాదన ఇది: ఇది 19వ శతాబ్దపు యూరప్ కన్న కల, దీన్ని ఇండియా గురించిన పాఠంగా ఎవరూ చూడరు, కొత్త రంగు పూస్తే చరిత్ర చెరిగిపోతుంది. ఇందులో నిజం ఉంది. కానీ నల్లరంగు విషయంలో ఈ వాదన నిలవదు. మొహానికి మసి పూయడం అడుగుల్లో భాగం కాదు. పారిస్ ఒపేరాలో 2015లోనే పిల్లల నృత్యానికి రంగు పూయడం ఆపేసి, దాని పాత పేరు కూడా మార్చారు. ఒక్క అరబెస్క్ కూడా తగ్గలేదు.

రెండో వర్గం కథనే వేరే చోటికి తరలించాలంటుంది. 2024లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ విద్యార్థులు పెటిపా అడుగులను చాలావరకు ఉంచి, కథను 1930ల హాలీవుడ్‌కి మార్చి ఆడారు. గుడి లేదు, రాజు లేడు. తెలివైన పరిష్కారమే. కాకపోతే అక్కడి సినిమా తారకు కాంట్రాక్టు ఉంటుంది, వదిలేసి పోయే దారి ఉంటుంది. గుడి నర్తకికి అది లేదు. పాత్ర బిగువు ఎంతో కొంత సడలుతుంది.

నీడల దృశ్యం ఒక్కటే ఆడితే చాలన్నది మూడో మాట. ఇది కొత్త కాదు, 1960ల్లో పశ్చిమ దేశాలకు 'లా బయాదేర్' తెలిసిందే అలా. అందులో ఇండియా అన్నది లేదు, గొడవా లేదు. అయితే బతికున్న నికియాను చూడనివాళ్లకు చనిపోయిన నికియా ఉత్త అందమైన జ్యామితి.

నాలుగో దారి నాకు ఎక్కువ నచ్చింది. చెన్నైలో పుట్టి లండన్‌లో స్థిరపడిన శోభనా జయసింగ్ 2015లో ఈ బాలేనే ప్రశ్నించే కొత్త నృత్యం కట్టింది. 1838లో ఓడ దిగిన నర్తకులను యూరప్ ఎలా చూసిందో, గోతియే కళ్లు అమ్మణిలో ఏం వెతికాయో అందులో చూపించింది. పాత బాలేని చెరపలేదు, దాని ఎదురుగా అద్దం నిలబెట్టింది.

విరుగుడు సీసా

ఇన్ని వాదనల మధ్య బాలే చూడాలనుకునేవాళ్లు రెండో అంకం చివరి నిమిషాన్ని జాగ్రత్తగా చూడండి. నికియాను బాలెరినా ఎలా అర్థం చేసుకుందో అక్కడ బయటపడుతుంది. పాము కాటేసింది. పూజారి సీసా చేతిలో పెట్టాడు. నికియా సోలోర్ వైపు తిరుగుతుంది. అతను గమ్‌జాటి చేయి పట్టుకుని వెళ్లిపోతున్నాడు. సీసా జారిపోతుంది.

అడుగులు రాసి ఉంటాయి కానీ చూపు ఎవరూ రాయలేదు. కొందరు సోలోర్ వీపు కనపడగానే సీసా వదిలేస్తారు, అంటే ఆమె ప్రేమ విఫలమై చచ్చిపోయింది. కొందరు అతన్ని చూశాక మెల్లగా తల తిప్పి పూజారి కళ్లలోకి చూసి అప్పుడు వేళ్లు విప్పుతారు. సంగీతంలో తేడా లేదు, సమయంలో ఒకటి రెండు క్షణాలు తేడా. రెండో పద్ధతిలో ఆ సీసా నేలను తాకినప్పుడు, అప్పటిదాకా ఎవరు ఆడమంటే వాళ్ల ముందు ఆడిన మనిషి మొదటిసారి కాదన్నట్టు ఉంటుంది.